రెండు పుస్తకాల మధ్య చీలిపోయిన జీవశాస్త్రం

వేరుశనగ మొక్కను పూత దశలో జాగ్రత్తగా పెకలించి, వేర్లకు అంటిన మట్టి కడిగి, వాటి మీద ఉండే చిన్న బుడిపెను గోటితో చీల్చి చూస్తే లోపల లేత ఎరుపు రంగు కనిపిస్తుంది. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ది. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌కు అది దూరపు బంధువు. రెండింటిలోనూ ఇనుము ఉన్న హీమ్ భాగమే ఉంటుంది, దాని చుట్టూ ప్రోటీన్ గొలుసు మడతపడిన తీరు కూడా దాదాపు ఒకటే. బుడిపెలో కాపురం ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చడానికి నైట్రోజినేజ్ అనే ఎంజైమును వాడుకుంటుంది. ఆ ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది, కానీ అదే బాక్టీరియా శ్వాసించడానికి ఆక్సిజన్ కావాలి. పొంతన లేని ఈ రెండు అవసరాలనూ లెగ్‌హీమోగ్లోబిన్ తీరుస్తుంది. ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకొని, బాక్టీరియాకు కావలసినంత మాత్రమే అందిస్తుంది. మొక్కకూ మనిషికీ ఎంతో వెనుకటి కాలంలో ఉన్న ఉమ్మడి పూర్వీకుల నుంచి సంక్రమించిన ఒకే ప్రోటీన్ కుటుంబం ఇప్పుడు ఒకచోట రక్తంలోనూ, మరొకచోట చేలో వేరు బుడిపెలోనూ పనిచేస్తున్నదన్నమాట.

ఇంటర్మీడియట్ బైపీసీ విద్యార్థికి ఈ రెండు పేర్లూ వచ్చు. లెగ్‌హీమోగ్లోబిన్ వృక్షశాస్త్రంలో ఖనిజ పోషణ పాఠంలో ఉంటుంది, హీమోగ్లోబిన్ జంతుశాస్త్రంలో శ్వాస పాఠంలో ఉంటుంది. ఒకటి ఒక లెక్చరర్ చెబుతారు, రెండోది మరొకరు చెబుతారు, పరీక్షలు వేరు వేరు రోజుల్లో జరుగుతాయి. వాటి మధ్య బంధుత్వం ఏమిటని ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ ప్రశ్న ఏ పేపరుకు చెందుతుందో తేల్చడం కష్టం. నేను వృక్షశాస్త్రం బోధించే లెక్చరర్‌ని. ఈ చీలిక వల్ల మన పిల్లలు జీవశాస్త్రంలో వివరాలన్నీ నేర్చుకొని, ఆ వివరాలను పట్టి ఉంచే మూలభావనలను మాత్రం నేర్చుకోకుండానే కాలేజీ దాటిపోతున్నారన్నది నా బాధ, నా వాదన కూడా.

ఆ మూలభావనలు నిజానికి చాలా కొద్ది. ప్రాణులన్నీ కణాలతో ఏర్పడ్డాయి, కణం మరో కణం నుంచే పుడుతుంది. ప్రతి కణమూ శక్తిని ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చుకుంటూ బతుకుతుంది. ఎలా బతకాలన్న సమాచారం జన్యువుల్లో ఉండి తరం నుంచి తరానికి అందుతుంది. బయట ఎండలు, చలి, కరువు ఎలా ఉన్నా ప్రాణి తన లోపలి స్థితిని నిలకడగా ఉంచుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఇదంతా ఇప్పుడున్న రూపానికి రావడానికి కారణం జీవపరిణామం. వీటిలో ఏ ఒక్కటీ మొక్కలకు మాత్రమే లేదా జంతువులకు మాత్రమే పరిమితమైన సత్యం కాదు. అయినా తెలుగు రాష్ట్రాల్లో దశాబ్దాలుగా వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం అనే రెండు సబ్జెక్టులుగానే ఇంటర్ పిల్లలు దీన్ని చదివారు. ఒక్కో పేపరు 60 మార్కులు, ఒక్కోదానికి ఒక పుస్తకం, ఒక రికార్డు, ఒక ప్రాక్టికల్ పరీక్ష. జూనియర్ లెక్చరర్ పోస్టులు కూడా అలాగే విడివిడిగా ఉంటాయి కాబట్టి, ఎమ్మెస్సీ బోటనీ చేసినవారు ఒక సగం, ఎమ్మెస్సీ జువాలజీ చేసినవారు మరో సగం చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మొదటి సంవత్సరం విద్యార్థులకు రెండింటినీ కలిపి జీవశాస్త్రం అనే ఒకే పేపరుగా మార్చారు. నేను దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. కానీ ప్రశ్నపత్రాన్ని కలిపినంత మాత్రాన బోధన కలవదు. పేపరులో ఒక సగం మొక్కలకూ మరో సగం జంతువులకూ కేటాయించి, వెనకటిలాగే ఇద్దరు లెక్చరర్లు తలా ఒక సగం పంచుకుంటే గోడ ఉన్నచోటే ఉంటుంది.

ఈ గోడ ఎంత అసహజమైనదో తెలుసుకోవడానికి మనం పిల్లలకు చెప్పే చరిత్రనే కాస్త జాగ్రత్తగా చదివితే చాలు. కణ సిద్ధాంతం గురించి రాయమంటే ప్రతి విద్యార్థీ 1838లో ష్లైడన్, 1839లో ష్వాన్ అని రాస్తాడు. ష్లైడన్ మొక్కల కణజాలాలను పరిశీలించినవాడు, ష్వాన్ జంతువుల కణజాలాలను పరిశీలించినవాడు. వాళ్లిద్దరూ ఒకసారి కలిసి భోజనం చేస్తున్నప్పుడు మొక్కల కణాల్లో కేంద్రకం పాత్ర గురించి ష్లైడన్ చెప్పగా, తాను కప్ప డింభకాల పృష్ఠవంశంలో (వీపు పొడవునా ఉండే కడ్డీ లాంటి భాగంలో) అలాంటి నిర్మాణాన్నే చూశానని ష్వాన్‌కు తట్టిందని ఆయనే తరువాత గుర్తు చేసుకున్నాడు. మొక్కలో చూసినదీ జంతువులో చూసినదీ ఒకటేనని గుర్తించిన ఆ క్షణంలోనే కణ సిద్ధాంతం పుట్టింది. దానికి 1855లో విర్కో, కణాలు ముందున్న కణాల నుంచే వస్తాయన్న సూత్రాన్ని జోడించాడు. అనువంశికత కథ కూడా ఇంతే. మెండల్ 1856 నుంచి బఠానీ మొక్కల మీద ప్రయోగాలు చేసి 1866లో ప్రచురించాడు. ఆయన చెప్పిన కారకాలు (ఇప్పుడు మనం జన్యువులంటున్నవి) క్రోమోసోమ్‌ల మీద ఉంటాయన్న ఆలోచన మిడతల కణాలను చూసిన సటన్ నుంచి, సముద్రపు అర్చిన్ పిండాలను చూసిన బొవేరి నుంచి వచ్చింది. సహలగ్నత, అంటే ఒకే క్రోమోసోమ్ మీది జన్యువులు కలిసి సంక్రమించే సంగతి, మోర్గాన్ ఈగల్లో తేల్చాడు. 1931లో జన్యు వినిమయానికి (జత క్రోమోసోమ్‌లు ముక్కలు మార్చుకోవడానికి) కంటికి కనిపించే రుజువును మొక్కజొన్నలో మెక్లింటాక్, క్రైటన్ చూపిన ఏడాదిలోనే ఈగల్లో స్టెర్న్ చూపాడు. మొక్క నుంచి పురుగుకూ, పురుగు నుంచి మొక్కకూ నిరంతరం రాకపోకలు సాగిస్తూ ఎదిగిన శాస్త్రాన్ని మనం పిల్లల దగ్గరికి తెచ్చేసరికి సరిహద్దు గీసి ఇస్తున్నాం.

శక్తి విషయంలో ఈ సరిహద్దు చేసే హాని నాకు తరగతిలో తరచుగా కనిపిస్తుంది. కణం గ్లూకోజు నుంచి శక్తిని రాబట్టే దశలైన గ్లైకాలసిస్, క్రెబ్స్ వలయం, ఎలక్ట్రాన్ రవాణా వ్యవస్థ వృక్షశాస్త్రంలో ఉన్నాయి. ఊపిరితిత్తులు, వాయుకోశాలు, ఆక్సిజన్ రవాణా జంతుశాస్త్రంలో ఉన్నాయి. దాంతో మనం పీల్చిన ఆక్సిజన్ చివరకు ఎక్కడికి చేరుతుందని అడిగితే "కణాలకు చేరుతుంది" అన్నంత వరకే జవాబు వస్తుంది. కణంలో దానికేం పని అని అడిగితే మౌనం. ముక్కులోంచి వెళ్లిన ఆక్సిజన్ హీమోగ్లోబిన్ మీద ప్రయాణించి, కణంలోని మైటోకాండ్రియా లోపలి పొర దగ్గరికి చేరి, అన్నంలోని గ్లూకోజు నుంచి బయలుదేరి ఎన్నో చేతులు మారి వచ్చిన ఎలక్ట్రాన్లను చివరగా స్వీకరించి నీరుగా మారుతుందని, అలా స్వీకరించేవాళ్లు లేకపోతే ఆ గొలుసు మొత్తం ఆగిపోతుందని, అందుకే ఊపిరి ఆగితే కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుందని ఒకే వరుసలో చెప్పినప్పుడు పిల్లల ముఖాలు మారతాయి. ఎలక్ట్రాన్లు దిగివచ్చే దారిలో ప్రోటాన్లు పొరకు ఒకవైపు పోగవుతాయి, అవి తిరిగి వచ్చేటప్పుడు కణం తన పనులకు వాడుకునే శక్తి అణువు ఏటీపీ తయారవుతుంది. 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించి, చాలాకాలం విమర్శలు ఎదుర్కొని, 1978లో నోబెల్ అందుకున్న భావన ఇదే. ఆకులోని హరితరేణువులో కూడా సరిగ్గా ఇదే ఏర్పాటు ఉంది, శక్తి మాత్రం అన్నం నుంచి కాకుండా సూర్యకాంతి నుంచి వస్తుంది. మైటోకాండ్రియా, హరితరేణువు రెండూ ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా సంతతి అని చెబితే వాటికి సొంత డీఎన్‌ఏ ఎందుకుందో, వాటి రైబోసోమ్‌లు (ప్రోటీన్లు తయారుచేసే రేణువులు) బాక్టీరియాలో ఉండే 70ఎస్ రకానివి ఎందుకో విడిగా బట్టీ పట్టనవసరం ఉండదు.

ఏటీపీ గురించి చెప్పేటప్పుడు భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పకుండా నేను పాఠం ముగించను. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. 1929లో ఏటీపీని వేరుచేసినవారిలో జర్మనీలోని లోమన్‌తో పాటు ఫిస్క్, సుబ్బారావు ఉన్నారు. ఆయన పరిశోధించినది జంతువుల కండరం, మన విద్యార్థి ఏటీపీని చదివేది మొక్కల పుస్తకంలో. ఇదొక్కటి చాలు, అణువుకు మొక్క, జంతువు అనే తేడా లేదని చెప్పడానికి.

ఇక మలేరియా. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోని బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూశాడు. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధానికి అది తిరుగులేని ఆధారం చూపింది, 1902లో ఆయనకు నోబెల్ తెచ్చింది. మన ఊళ్లో జరిగిన ఈ పని మన జంతుశాస్త్రం మొదటి సంవత్సరంలో ఒక 8 మార్కుల ప్రశ్నగా స్థిరపడింది: మానవునిలో ప్లాస్మోడియం వైవాక్స్ జీవితచక్రం. దోమ కాటుతో స్పోరోజాయిట్లు రావడం, కాలేయ కణాల్లో చేరడం, అక్కడి నుంచి ఎర్రరక్తకణాల్లోకి రావడం, ట్రోఫోజాయిట్, అంగుళీక దశ, షఫ్‌నర్ చుక్కలు, షైజాంట్, రోజెట్ దశ, 48 గంటలకోసారి కణాలు పగిలి చలిజ్వరం రావడం, ఇవన్నీ పటంతో సహా గుక్క తిప్పుకోకుండా రాసే విద్యార్థులు ప్రతి కాలేజీలోనూ ఉన్నారు. వాళ్ల శ్రమను నేను తక్కువ చేయను. కానీ అంత చక్కగా రాసిన విద్యార్థిని "మనిషి రక్తంలో ఈ పరాన్నజీవి ఇల్లు ఎర్రరక్తకణమే కదా, ఆ ఇల్లే మారిపోతే ఏమవుతుంది?" అని అడిగితే, దానికి జవాబు తాను రెండో సంవత్సరంలో వేరే పాఠంగా చదవబోయే కొడవలి కణ రక్తహీనతలో ఉందని ఆ విద్యార్థికి తెలిసే దారి లేదు.

హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరడమే ఈ వ్యాధికి మూలం. కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల జన్యు సంకేతం) పరంగా జీఏజీ కాస్తా జీయూజీ అయింది, ఒక్క అక్షరం తేడా. గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిమెలిసి ఉంటుంది, వాలీన్‌కు నీరు గిట్టదు. అందువల్ల ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవైన పోగులుగా పేరుకుంటాయి, గుండ్రని కణం కొడవలి ఆకారానికి వంగిపోతుంది, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, భరించలేని నొప్పులు వస్తాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ మారిన జన్యువే వచ్చినవారికి వ్యాధి. ఒకరి నుంచి మాత్రమే వచ్చినవారు వాహకులు. వారికి సాధారణంగా ఇబ్బంది ఉండదు, పైగా ఫాల్సిపారం రకం మలేరియా తీవ్రరూపం నుంచి చాలావరకు రక్షణ ఉంటుంది. మన 8 మార్కుల ప్రశ్న వైవాక్స్ గురించి, ప్రాణాలు ఎక్కువగా తీసేది మాత్రం ఫాల్సిపారం. ఈ రక్షణ సంగతిని 1954లో ఆంథొని అలిసన్ తూర్పు ఆఫ్రికా పరిశీలనలతో చూపాడు. వ్యాధి వల్ల ఆ జన్యువు నశించిపోవాలి, రక్షణ వల్ల అది నిలబడాలి. మలేరియా ఎక్కువగా ఉన్న చోట రెండింటి మధ్య ఒక సమతూకం ఏర్పడి జన్యువు తరతరాలుగా కొనసాగింది.

ఒక్క అమైనో ఆమ్లం దగ్గర మొదలుపెట్టి ప్రోటీన్ ఆకృతి, కణం ఆకారం, రక్తప్రసరణ, మెండల్ సూత్రం, పరాన్నజీవి, దోమ, అడవి, ప్రకృతివరణం (బతకడానికి సాయపడే గుణాలు తరతరాలుగా నిలిచే తీరు) దాకా ఒకే దారం పట్టుకొని వెళ్లవచ్చు. ఇంటర్ స్థాయి మూలభావనల్లో ఈ దారానికి ఎక్కనిది దాదాపు ఏదీ మిగలదు. బహిర్గతం (ఒక్క కాపీ ఉన్నా బయటపడే గుణం), అంతర్గతం (రెండు కాపీలుంటేనే బయటపడే గుణం) అన్న విషయం కూడా ఇక్కడే నిజంగా అర్థమవుతుంది: వ్యాధి పరంగా చూస్తే ఈ యుగ్మవికల్పం (జన్యువు మారిన రూపం) అంతర్గతం, రక్తంలో రెండు రకాల హీమోగ్లోబిన్లూ ఉంటాయి కాబట్టి అణువు పరంగా చూస్తే సహబహిర్గతం, మలేరియా నుంచి రక్షణ పరంగా చూస్తే ఒక్క కాపీ ఉన్నా చాలు. బహిర్గతత్వం జన్యువుకు అతికించిన శాశ్వత ముద్ర కాదని, మనం ఏ స్థాయిలో చూస్తున్నామో దాన్ని బట్టి మారుతుందని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఇది మన ప్రాంతానికి దూరపు విషయం కూడా కాదు. ఆదిలాబాద్ అడవుల్లోనూ పాడేరు మన్యంలోనూ గిరిజన కుటుంబాల్లో ఈ జన్యువు ఉంది, దేశవ్యాప్తంగా సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023లో మొదలై పరీక్షలు జరుగుతున్నాయి. రేపు ఆ ఊళ్లలో డాక్టర్లుగా, నర్సులుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా పనిచేయబోయేది ఈ బైపీసీ పిల్లలే. ఆ జన్యువును కేవలం "లోపం"గా చదివినవారు దాన్ని మోస్తున్న కుటుంబాన్ని ఒక రకంగా చూస్తారు. మలేరియా మధ్య బతికి బట్టకట్టిన పూర్వీకుల నుంచి అది వచ్చిందని తెలిసినవారు మరో రకంగా చూస్తారు. పెళ్లికి ముందు పరీక్ష చేయించుకోమని చెప్పే మాటలో గౌరవం ఉండాలంటే ఈ అవగాహన కావాలి.

పత్తి విషయం ఇంకా దగ్గరిది. బయోటెక్నాలజీ పాఠంలో బీటీ పత్తి (పురుగును చంపే ఒక బాక్టీరియా విషపు జన్యువును చేర్చిన పత్తి) గురించి చెబుతుండగా, పత్తి రైతు కుటుంబం నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి, "మేడమ్, బీటీ పత్తికి కాయతొలుచు పురుగు రాదని ఇక్కడ ఉంది. మరి మా చేలో గుడ్డిపూలు వస్తున్నాయి, కాయ చీలిస్తే లోపల గులాబీ పురుగు ఉంటోంది, ఎందుకని?" అని అడిగింది. జీవశాస్త్ర తరగతిలో అడగదగిన ప్రశ్నల్లో ఇంతకంటే మంచిది ఉండదని నా అభిప్రాయం. దానికి వృక్షశాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు, జంతుశాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, అప్పుడు అందులో ఉన్నది క్రై1ఏసీ అనే ఒక్క విషపదార్థపు జన్యువు. 2006లో క్రై2ఏబీ కూడా చేర్చిన రెండో రకం వచ్చింది. మొదటి రకాన్ని తట్టుకునే గులాబీ పురుగులు గుజరాత్‌లో కనిపించాయన్న సంగతి 2010లోనే బయటపడింది, తరువాతి దశాబ్దంలో రెండో రకాన్ని కూడా తట్టుకునే పురుగులు తెలంగాణ, ఆంధ్ర చేలకు చేరాయి. విత్తన సంచితో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాల ప్యాకెట్ ఇచ్చి, దాన్ని చేను చుట్టూ వరుసలుగా వేయమని చెప్పేవారు. చాలామంది రైతులు దాన్ని పక్కన పడేసేవారు, ఎందుకంటే పురుగు తినే మొక్కల్ని కావాలని ఎందుకు పెంచాలో వారికి ఎవరూ వివరించలేదు. దాని వెనుక ఉన్నది మెండల్ సూత్రమే. విషాన్ని తట్టుకునే గుణం అంతర్గతమైనదైతే, అది రెండు కాపీలుగా ఉన్న పురుగు మాత్రమే బీటీ మొక్కను తిని బతుకుతుంది. అలాంటి పురుగులు చాలా అరుదు. బతికిన ఒకటి రెండు రెక్కల పురుగులకు తమలాంటివే జతగా దొరికితే పిల్లలన్నీ తట్టుకునేవే పుడతాయి. పక్కనే నాన్ బీటీ వరుసల్లో మామూలు పురుగులు పుష్కలంగా ఉంటే వాటితోనే జతకట్టే అవకాశం ఎక్కువ, అప్పుడు పుట్టే పిల్లలన్నీ విషమయుగ్మజాలు (తట్టుకునే జన్యువు ఒక్క కాపీగానే ఉన్నవి), బీటీ కాయ తినగానే చచ్చిపోతాయి. బోర్డు మీద నాలుగు గళ్ల పట్టిక గీసి ఈ లెక్క వేయిస్తే, బఠానీలతో విసిగిపోయిన పిల్లలు కూడా తమంతట తాము పెన్ను పడతారు.

అక్కడితో ఆగదు. మన దగ్గర వేసే బీటీ పత్తి ఎక్కువగా సంకర విత్తనం, సాధారణంగా బీటీ జన్యువులు ఒక తల్లిదండ్రి వైపు నుంచే వస్తాయి. అందువల్ల ఆ మొక్క కాయలో పెరిగే గింజలు మెండల్ రెండో తరం గింజలు అన్నమాట. రెండు జన్యువులు స్వతంత్రంగా విడిపోతే 9:3:3:1 నిష్పత్తిలో కొన్ని గింజల్లో రెండు విషాలు, కొన్నింట్లో ఒక్కటే, పదహారింట ఒకదానిలో ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేది కాయ లోపలి గింజనే. ఒకే కాయలో విషం ఉన్న గింజ, లేని గింజ పక్కపక్కన ఉంటే, విషమయుగ్మజ పురుగులు కూడా ఎంతో కొంత బతికే వీలు దొరుకుతుందని శాస్త్రవేత్తలు చూపిన కారణాల్లో ఇదొకటి. దీనికి తోడు శనగపచ్చ పురుగులా ఈ పురుగు కంది, శనగ వంటి పైర్ల మీద బతకదు, దాదాపు పత్తినే నమ్ముకుంటుంది కాబట్టి, చుట్టుపక్కల అన్ని చేలూ బీటీ అయిపోతే మామూలు పురుగులకు తలదాచుకునే చోటే ఉండదు. పంటను ఎక్కువ నెలలు చేలో ఉంచితే పురుగు తరాలు పెరుగుతాయి, ప్రతి తరంలోనూ ఇదే వడపోత జరుగుతుంది. జీవపరిణామం లక్షల ఏళ్ల నాటి ఎముకల సంగతి అనుకునే విద్యార్థికి, అది తన తండ్రి చేలో ఒక దశాబ్దంలో జరిగిందని చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే మన పాఠ్యక్రమంలో ఈ పరిణామం స్థానం ఎక్కడ? తెలుగు అకాడమీ జంతుశాస్త్రం రెండో సంవత్సరం పుస్తకంలో ఎనిమిది యూనిట్లు ఉంటే, జీవపరిణామం ఏడోది. జీర్ణక్రియ నుంచి జన్యుశాస్త్రం దాకా అన్నీ అయ్యాక, అంటే రివిజన్లు మొదలయ్యే వేళకు వస్తుంది. వృక్షశాస్త్రంలో దానికి ప్రత్యేకంగా చోటే లేదు. మొదటి సంవత్సరంలో శైవలాలు, బ్రయోఫైట్లు, టెరిడోఫైట్లు, వివృతబీజాలు, ఆవృతబీజాలు అని వరుసగా చదివే విద్యార్థికి ఆ వరుస ఎందుకు అలా ఉందో, నీటి నుంచి నేల మీదికి రావడానికి మొక్కలకు ఏం మారాల్సి వచ్చిందో తెలియకుండానే వర్గీకరణ అయిపోతుంది. ఫలదీకరణకు నీరు అవసరమైన నాచు మొక్క నుంచి, పుప్పొడినీ విత్తనాన్నీ సంపాదించుకొని నీటి బెడద వదిలించుకున్న మొక్క దాకా సాగిన ప్రయాణంగా చెబితే ఆ పాఠాలు ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే గుర్తుంటాయి. పైగా ఎన్‌సీఈఆర్‌టీ 2023లో పదో తరగతి పుస్తకం నుంచి పరిణామ భాగాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోమని బహిరంగ లేఖ రాశారు. ఆ పుస్తకం చదివి పదో తరగతి తరువాత ఎంపీసీ, సీఈసీ తీసుకునే పిల్లలు ఇక దాన్ని ఎప్పటికీ చదవరు. బైపీసీ తీసుకున్నవారికైనా దాన్ని ఆఖరి యూనిట్లలోంచి తెచ్చి మొదట్లో పెట్టాలని నేను కోరడానికి ఇది మరో కారణం.

నా మాటకు తోటి లెక్చరర్ల నుంచి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. నీట్‌లో 720 మార్కులుంటే అందులో సగం జీవశాస్త్రానివే. ప్రతి ప్రశ్నకూ దాదాపు ఒక నిమిషమే దొరుకుతుంది, తీరిగ్గా ఆలోచించే సమయం ఉండదు, ప్రశ్నలు పుస్తకంలోని వాక్యాల మీదే వస్తాయి, కాబట్టి వాక్యాలు గుర్తుంచుకున్నవాడే గెలుస్తాడని వారంటారు. ఇందులో నిజముంది, కంఠస్థం అక్కరలేదని నేను ఎప్పుడూ అనను. బొద్దింకకు ఎన్ని జతల శ్వాసరంధ్రాలో తెలియనివాడు దాని శ్వాసవ్యవస్థ గురించి ఆలోచించలేడు. వివరాలు లేని భావన గాలిలో మాటే. కానీ రెండేళ్లపాటు రోజంతా స్టడీ అవర్లలో కూర్చొని వేలకొద్దీ బిట్లు చేసే పిల్లవాడికి, ఆ వివరాలు ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో చెబితే కాలం వృథా అవుతుందనడం నాకు అర్థం కాదు. విడివిడిగా ఉన్న వంద సంగతుల్ని మళ్లీ మళ్లీ తిరగేయడానికి పట్టే కాలంతో పోలిస్తే, వాటిని కలిపి ఒకసారి చెప్పడానికి పట్టేది తక్కువే.

రెండో అభ్యంతరం మా వృక్షశాస్త్రం వాళ్లది, నాకూ ఆ భయం కొంత ఉంది. రెండూ కలిపేస్తే మొక్కలు వెనక్కి పోతాయని, డాక్టర్ కావాలనుకునే పిల్లలు మనిషి శరీరం మీదే మనసు పెడతారని, చివరికి బోటనీ పోస్టులు తగ్గిపోతాయని అంటారు. పోస్టుల విషయంలో ప్రభుత్వాలు స్పష్టమైన హామీ ఇవ్వాలి, అందులో రాజీ లేదు. కానీ మొక్కలు ఇప్పటికే వెనకబడి ఉన్నాయి. దానికి కారణం మనం వాటిని నామాలు, పుష్పసూత్రాలు, పటాల జాబితాగా మార్చి, వాటికి జీవితమంతటితో ఉన్న సంబంధాన్ని తెంచేయడమే. వేసవి మధ్యాహ్నం పత్రరంధ్రాలు మూసుకొని నీటిని కాపాడుకునే మొక్కనూ, అదే ఎండలో మూత్రాన్ని గాఢంగా మార్చి నీటిని వెనక్కి తీసుకునే మన మూత్రపిండాన్నీ ఒకే పూట చెబితే, ఇద్దరూ ఒకే సమస్యను పరిష్కరిస్తున్నారని విద్యార్థికి తెలుస్తుంది. నీరు మిగుల్చుకోవాలంటే మొక్క రంధ్రం మూయాలి, మూస్తే కార్బన్ డయాక్సైడ్ రాదు, ఆహారం తగ్గుతుంది. ఈ ఇరకాటాన్ని కార్బన్ డయాక్సైడ్‌ను ఆకులో పోగుచేసి వాడుకునే సీ4 మొక్కలైన జొన్న, మొక్కజొన్న ఎలా కొంత తప్పించుకున్నాయో అక్కడే చెప్పవచ్చు. అలా చెప్పినప్పుడు మొక్క మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

కాబట్టి బోర్డులు పాఠ్యక్రమాన్ని నిజంగా కలపదలచుకుంటే మొదట చేయవలసింది పాఠాల వరుస మార్చడం. కణం, దాని వెంటనే పరిణామం, తరువాతే వర్గీకరణ. కిరణజన్య సంయోగక్రియ, కణశ్వాసక్రియ, మన ఊపిరి, రక్తప్రసరణ ఒక వరుసలో రావాలి. మెండల్, మానవ జన్యుశాస్త్రం, అణు జన్యుశాస్త్రం వేరు వేరు పుస్తకాల్లో ఉండటానికి ఏ కారణమూ లేదు. మొదటి సంవత్సరంలో ఇప్పుడు రెండు పుస్తకాల్లోనూ రెండు సార్లు వచ్చే ఆవరణశాస్త్రాన్ని ఒకటి చేస్తే మిగిలే కాలం వీటికి సరిపోతుంది. ఇద్దరు లెక్చరర్లు ఉన్న కాలేజీల్లో ఆ ఇద్దరూ కూర్చొని ఏ వారం ఎవరు ఏం చెబుతారో కలిపి రాసుకుంటే ఈ పనిలో సగం బోర్డు ఆదేశం కోసం ఆగకుండానే అయిపోతుంది.

కానీ మన కాలేజీల్లో పాఠం ఎలా చెప్పాలో నిర్ణయించేది ప్రశ్నపత్రమే, దీన్ని దాచుకొని ప్రయోజనం లేదు. అందుకే మార్పు అక్కడ కనిపించాలి. ప్లాస్మోడియం జీవితచక్రాన్ని యథాతథంగా అడిగే 8 మార్కుల ప్రశ్నను ఉంచండి, దాని పక్కనే ఎంపికగా మరొకటి ఇవ్వండి: మలేరియా ఎక్కువగా ఉన్న ఒక గ్రామంలో కొడవలి కణ జన్యువు వాహకులు ఎక్కువగా ఉన్నారు, దీనికి కారణాన్ని పరాన్నజీవి జీవితచక్రం, హీమోగ్లోబిన్ నిర్మాణం, ప్రకృతివరణం ఆధారంగా వివరించండి, మలేరియా పూర్తిగా పోయాక ఆ జన్యువు పౌనఃపున్యం కొన్ని తరాల్లో ఎలా మారవచ్చో చెప్పండి. ఇందులో సిలబస్ దాటిన అంశం ఒక్కటీ లేదు. రెండేళ్లలో పిల్లలు చదివినదే అంతా, ఒకచోటికి చేర్చి అడగడమే కొత్త. ఇలాంటి ప్రశ్న ఒక్కటి ఒక మార్చి నెల పేపరులో వస్తే, ఆ జూన్ నుంచే రెండు రాష్ట్రాల్లో బోటనీ, జువాలజీ లెక్చరర్లు స్టాఫ్ రూములో ఒకరి పుస్తకం ఒకరు తెరవడం మొదలుపెడతారు.